సేపలు కాల్చినాయన

మా మేనత్త పోయిందని బావ ఫోన్ చేసినప్పుడు నేను తగరపువలసలో బస్సు కోసం చూస్తూ టీ తాగుతున్నాను. బావంటే ఆమె ఒక్కగానొక్క కొడుకు. "అమ్మ ఎల్లిపోనాదిరా," అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, "ఫ్లెక్సీకి మంచి ఫొటో నీకాడేటైనా ఉందేటి?" అని అడిగాడు. టీ సగంలోనే వదిలేశాను. ఆ రోజుల్లో నాకు అన్నం సయించలేదంటే అది దుఃఖం వల్ల మాత్రమే కాదు, రోత వల్ల కూడా.

కూర్మన్నపాలెంలో అత్త ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టారు. అందులో అత్త బొమ్మ తపాలా బిళ్ళంత, పాస్టరుగారి బొమ్మ నిలువెత్తు. ఆయన పేరు ముందు దైవజనులు, అభిషిక్తులు, ఇంకా ఏవేవో. సమాధుల తోటలో మైకు పట్టుకుని యేసును రాజాధిరాజా, మహా సైన్యాధిపతీ అని గొంతు చించుకున్నాడు. అరిచి అరిచి ఆ కిరీటాల్లో సగం తన నెత్తినే పెట్టుకున్నాడు. పెట్టె మట్టిలోకి దిగుతుంటే కూడా ఆపలేదు. ఛీ అనిపించింది.

అత్తకు ఆ పేర్ల మీద పగేమీ లేదు. చర్చిలో అందరితో కలిసి గొంతెత్తి పాడేది. ఇంట్లో ఒక్కతే ప్రార్థనకు కూర్చుంటే మాత్రం ఆమె పిలుపు వేరు. "సేపలు కాల్చినాయనా" అనేది. చనిపోయి లేచాక యేసు గట్టు మీద నిప్పులు చేసి చేపలు కాల్చాడు. తనను ఎరగనని బొంకిన శిష్యుణ్ణి కూడా తిండికి పిలిచాడు. సముద్రపొడ్డున యారాడలో పుట్టి పెరిగిన మా అత్తకు ఆ యేసే దొరికాడు.

"ఏటత్తా ఆ పేరు? అందరూ రాజు అంటన్నారు కదా," అని చిన్నప్పుడు అడిగాను.

"రాజుకాడికెల్తే దండమెట్టి బయట నిలబడాల. ఈయనకాడికెల్తే కూకుని తినాల. నీకేది కావాలో అలా పిలుసుకో," అంది.

పిలిచిన పేరుకు తగ్గట్టే బతికింది కూడా. మా నాన్న ఒకసారి తోబుట్టువని చూడకుండా నలుగురిలో ఆమెను నానా మాటలూ అన్నాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ గడప తొక్కలేదు. చివరికి ఒక సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని వచ్చి వాకిట్లో తల దించుకుని నిలబడ్డాడు. ఎందుకొచ్చావని అత్త అడగలేదు. క్షమించానని కూడా అనలేదు. కుంపటి రాజేసి, చేపలు కాల్చి, "ముల్లు సూసుకుని తిను," అంది. నాన్న తింటూ ఏడ్చాడు. "సీ! ముక్కు తుడుసుకో, ఉప్పెక్కువైపోద్ది," అని కసిరింది.

తన సమాధి రాయి మీద ఆ పేరే చెక్కించమని అత్త బతికుండగానే నన్నూ బావనూ కూర్చోబెట్టి మరీ చెప్పింది. సమాధి తర్వాత అత్త పేరున జరిపిన ఆదరణ కూడిక రోజు భోజనాల దగ్గర నేను ఆ మాట ఎత్తాను. పాస్టరుగారు బిరియానీ ముక్క నములుతూనే ముఖం చిట్లించాడు.

"ప్రభువును వంటవాణ్ణి చేస్తారా? రాజాధిరాజు సన్నిధికి అని చెక్కించండి."

నేను బావ వైపు చూశాను. అతను విస్తరి వైపు చూశాడు.

"అమ్మ అలాటిదేటీ సెప్పనేదండి," అన్నాడు.

విస్తరి మడిచి లేచాను. చెయ్యి కడుక్కుని వచ్చేశాను. పాస్టరు చెప్పినట్టే రాయి చెక్కించారు, పాతించారు.

ఆ తర్వాత నాకు ప్రార్థన రాలేదు. ఆ మైకులో నానిన పేర్లన్నీ ఎంగిలి అయిపోయినట్టుండేవి, నోట పెట్టబుద్ధి కాలేదు. మిగిలింది అత్త పిలుపు ఒక్కటే. దానితోనే అసలు చిక్కు. ఆయన్ని అలా పిలిచాక బావను గుమ్మం బయట నిలబెట్టడం కుదరదు.

మొన్న ఆదివారం యారాడ వెళ్లి చేపలు తెచ్చాను. అత్త కుంపటిని ఆమె పోయిన రోజుల్లోనే బావనడిగి తెచ్చుకున్నాను. దాన్ని మా ఇంటి పెరట్లో రాజేసి, బావకు ఫోన్ చేసి రమ్మన్నాను. వచ్చాడు గాని పెరటి గేటు దాటి లోపలికి రాలేదు.

"ఏటి సేత్తన్నావ్?" అన్నాడు, నిప్పుల వైపు చూస్తూ.

రోత పోలేదు. అతన్ని చూడగానే అనాల్సిన మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. కాలిన వైపు చూసి చేపను తిరగేశాను.

"రా బావా, కూకో," అన్నాను. "ముల్లు సూసుకుని తిను."

గేటు తీసుకుని లోపలికొచ్చి, వేడి చేపను అరచేతిలో పెట్టుకుని ఊదుకుంటూ కూర్చున్నాడు. ఎంతసేపటికీ తల ఎత్తలేదు.