జయరావు మాస్టారి జీపీఎస్ పరీక్షలు

జయరావు మాస్టారు ఏ వస్తువునీ ఊరికే కొనరు. ముందు దాన్ని నానా హింసా పెడతారు. అది తట్టుకుని నిలబడితే, అప్పుడు కొనాలా వద్దా అని ఆలోచిస్తారు. ఆయన వీధి మలుపు తిరగడం చూసి షట్టరు సగానికి దించేసే షాపులు మా నల్లపాడులో నాకు తెలిసి నాలుగున్నాయి.

ఒకసారి సీలింగు ఫ్యాను కొనడానికి వెళ్లారు. పొద్దున పదింటికి దాని కింద కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పేపరు చదివారు. నిద్రపోయారు. రెండింటికి లేచాక షాపతను ఆశగా అడిగాడు.

"ఎలా ఉందండీ ఫ్యాను?"

"నిద్ర బాగానే పట్టింది బాబూ. అయితే అది నీ ఫ్యాను గొప్పతనమో, నేను తిన్న పెసరట్టు గొప్పతనమో తేలాలిగా. రేపు ఏమీ తినకుండా వస్తా."

నేను ఆయన దగ్గర ఐదేళ్లు సోషల్ చదువుకున్నాను. ఇప్పుడు మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్ని, నా కింద పదిమంది పనిచేస్తారు. మాస్టారికి మాత్రం నేనింకా మూడో బెంచీ ఎలీషానే. ఈ పరీక్షలకి సామాను మోయడానికి నన్నే పిలుస్తారు. నా కోపం గురించి ఎవరూ అడగరు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

మా అక్క ప్రేమమ్మ కూతురు మహిమ పైలట్ కోర్సు చేస్తోంది. మాకు రెండున్నర గంటల దూరంలో ఉన్న ఫ్లయింగ్ స్కూల్లో రెండు సీట్ల చిన్న విమానం నడపడం నేర్చుకుంటూ, శనివారం సాయంత్రాలు ఇంటికొస్తుంది. మొన్న మార్చిలో ఒంటరిగా దూరం వెళ్లే దశ వచ్చింది. స్కూలు దగ్గర ఎగిరి, ఒంగోలు దాకా వెళ్లి, మళ్లీ స్కూలు దగ్గరే దిగాలి. పక్క సీట్లో నేర్పేవాళ్లెవరూ ఉండరు. కాగితం మ్యాపు చూసుకుంటూ, కింద నేలని గుర్తుపడుతూ వెళ్లాలి. చేతిలో పట్టే జీపీఎస్ ఒకటి దగ్గర పెట్టుకోవచ్చు, అదీ తోడుకి మాత్రమే.

మా అక్క ఆగుతుందా? ఆదివారం చర్చిలో లేచి నిలబడి, కూతురు ఒక్కతే విమానం నడపబోతోందని, క్షేమంగా దిగగానే కృతజ్ఞత కూడిక పెట్టి అందరికీ బిర్యానీ వడ్డిస్తానని చెప్పేసింది. పాస్టరు నతానియేలుగారు ఆ సంగతిని ప్రార్థన అంశాల బోర్డు మీద మొదటి నంబరుగా రాయించారు. అక్క అంతటితో కూర్చోలేదు.

"ఆ దారి చూపించే డబ్బా చేతికొస్తేనేగాని మా పిల్లని ఒంటరిగా ఎగరనివ్వనండీ."

మాస్టారు లేచారు. "ఆ డబ్బా నేను కొనిస్తానమ్మా."

బిర్యానీ ఇప్పట్లో లేదని అందరికీ అర్థమైంది.

మర్నాడే హైదరాబాదు డీలరుకి ఫోను చేశారు.

"ఏ విమానానికి సార్?" అన్నాడు డీలరు.

"నాకు విమానం లేదు బాబూ. స్కూటరుంది. మూడు రకాలు పంపు, కష్టపెట్టి చూస్తాను."

"కష్టపెట్టడమంటే ఏంటి సార్?"

"పంపండి, మీకే తెలుస్తుంది" అన్నాను నేను పక్కనుంచి.

మొదటి పరీక్ష మిర్చి యార్డులో, మిట్టమధ్యాహ్నం. "విమానంలో ఎండ నేరుగా తెర మీద కొడుతుందిరా. అప్పుడు కనపడకపోతే దాన్ని కాగితాలు ఎగరకుండా పెట్టుకోవాల్సిందే" అని మాస్టారి వాదన. మూడు డబ్బాలూ ఎండలో పట్టుకుని, దగ్గుతూ, తుమ్ముతూ, కళ్లనీళ్లతో నేను నిలబడ్డాను. నాకు ఎలాగూ ఏమీ కనపడలేదు. కాయలు ఏరుతున్న ఒకావిణ్ణి పిలిచి మాస్టారు అభిప్రాయం అడిగారు. ఆవిడ మొదటి డబ్బా చూసి, "టీవీ కట్టేసినట్టుందండీ" అంది. అది పోయింది.

రెండో పరీక్ష ఒంగోలు వెళ్లే ప్రైవేటు బస్సులో. గాజుకి అతుక్కునే రబ్బరు కప్పుతో మిగిలిన రెండింటినీ డ్రైవరు ముందు అద్దానికి అంటించారు.

"బాబూ, ఇందులో డెబ్బై రెండు చూపిస్తోంది. నీ మీటరు యాభై దగ్గరే ఉందేం?"

"నేను ఉద్యోగంలో చేరేటప్పటికే అక్కడుందండీ అది" అన్నాడు డ్రైవరు.

మేదరమెట్ల దగ్గర ఒక కప్పు పట్టు వదిలేసి, డబ్బాతో సహా డ్రైవరు పెరుగన్నం క్యారేజీలో పడింది. అదీ పోయింది.

మూడోది, మీటలున్న డబ్బా. దాన్ని నా చేతికిచ్చి, పత్తికట్టె పీకేసిన చేలో బాపయ్య ట్రాక్టరు ఎక్కించారు. "ఆకాశంలో కుదుపులుంటాయి. బాపయ్యకంటే ఎక్కువ కుదిపే విమానం ఇంకా తయారవలేదు" అని, గట్టు మీద నిలబడి "ఒంగోలు నొక్కు! అద్దంకి నొక్కు!" అంటూ ఆర్డర్లేశారు. పదిసార్లలో తొమ్మిదిసార్లు సరైన మీటే నొక్కాను. పదోసారి ట్రాక్టరు హారన్ నొక్కాను.

"ఇక ఇదేగా మాస్టారూ?" అన్నాను నడుం పట్టుకుని.

"తొందరపడకురా."

అక్కడినుంచి మొదలైంది అసలు బాధ. ఆదివారం ఆరాధన కాగానే పాస్టరుగారు బోర్డు వైపు చూసేవారు. "మాస్టారూ, మన మొదటి అంశం?"

"బ్యాటరీ సంగతి తేలాలండీ."

తర్వాతి వారం బెల్టు నచ్చలేదు. ఆ తర్వాతి వారం మీట నొక్కితే వచ్చే చప్పుడు మరీ కటువుగా ఉందన్నారు. ఈస్టరు వెళ్లింది, మిర్చి సీజను వెళ్లింది. డీలరు ఆయన నంబరు చూస్తే ఫోను ఎత్తడం మానేశాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మాత్రం మహిమని స్కూటరెక్కించుకుని, "ఫీల్డు పరీక్ష" అంటూ చీకటి పడేదాకా చేల వెంట తిరిగేవారు. పిల్లకి వారంలో ఉన్నది ఆ ఒక్క సెలవు, అది కూడా ఆయన లాగేసుకున్నారని నాకు ఒళ్లు మండేది.

"ఈయన డబ్బా తేల్చేలోపు ఆ విమానం తుప్పుపట్టేలా ఉందిరా" అంది అక్క.

నేను వెళ్లి అడిగేశాను. "మాస్టారూ, మీ చాదస్తానికి పిల్ల చదువు ఆగిపోయింది. మీకెలా ఉందో గాని, మాకు సిగ్గుగా ఉంది."

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "నిజమేరా. డబ్బా మీద గీతలు పడకుండా కవరు కుట్టించాలి, ఆ ఒక్కటే మిగిలింది."

మే నెలలో ఒక ఆదివారం, ఎవరూ అడక్కుండానే లేచి, "తేలిందండీ" అన్నారు. చర్చిలో చప్పట్లు కొట్టారు. గురువారం పొద్దున మహిమ ఎగిరింది. అక్క, నేను, మాస్టారు వరండాలో ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. మాస్టారు కాఫీ ముట్టలేదు. దాన్ని పరీక్షించనైనా లేదు. పదీ నలభైకి "దిగాను" అని మెసేజి వచ్చింది. అక్క ఏడ్చింది. మాస్టారు లేచి ఒక చెంబెడు నీళ్లు తాగి, స్కూటరేసుకుని ఇంటికి వెళ్లిపోయారు.

శనివారం మహిమ వచ్చాక, తను వెళ్లిన దారి చూద్దామని ఆ డబ్బా తీసుకున్నాను. వెళ్లిన దారల్లా అందులో గీతగా నిలిచి ఉంటుంది. ఒంగోలు గీత కింద ఇంకా తొమ్మిది గీతలున్నాయి. అన్నీ ఆదివారాలవే. మొదటిది మార్చిలో, ట్రాక్టరు ఎక్కిన వారానిదే. కోడి కెలికినట్టు ఒక ఊరి చుట్టూ మూడుసార్లు తిరిగి, వెనక్కొచ్చి, మళ్లీ తప్పింది. నాలుగోది కాస్త నయం. తొమ్మిదోది ఎక్కడా తడబడకుండా ఊరూరూ కలుపుకుంటూ పోయింది.

"ఏమ్మా, ఇవేంటి?"

మహిమ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆ వారమే ఈ డబ్బా ఖాయం చేసేశారు మామయ్యా, మాస్టారు తాతగారు."

సంగతేమిటంటే, అంతకు ముందు విమానం నేర్పే మేడంతో కలిసి ఎగిరినప్పుడు ఈ పిల్ల దారి తప్పింది. గుంటూరు పిల్ల కదా, మలుపు తిరగడానికి ఒక పెద్ద ఎర్రటి మిరపకాయల కల్లాన్ని గుర్తు పెట్టుకుంది. రెండు రోజుల తర్వాత వెళ్తే ఆ రైతు కాయలు బస్తాలకెత్తి యార్డుకి తోలేశాడు. చుట్టుపక్కల అలాంటి కల్లాలు ఇరవై ఉన్నాయి. దీనికి చేతులాడలేదు, మేడమే విమానం వెనక్కి తిప్పింది. ధైర్యం వచ్చినప్పుడే వెళ్దువుగానిలే అంది.

"అప్పటికే అమ్మ చర్చిలో చెప్పేసింది. బోర్డు మీద నా పేరుంది. భయమేస్తోందని ఎవరికి చెప్పను మామయ్యా? తాతగారికి చెప్పా. 'ఆలస్యం నా మీద వేసెయ్యమ్మా. నాకు అలవాటే, ఒక్కడూ అనుమానించడు' అన్నారు."

ఆదివారాలు డబ్బాని ఆన్ చేసి స్కూటరు డిక్కీలో పెట్టి మూసేసేవారట. ఈ పిల్ల వెనక కూర్చుని కాగితం మ్యాపు చూస్తూ దారి చెప్పాలి. కనపడిన వాటర్ ట్యాంకులన్నీ ఎక్కించి, పైనుంచి కాలువలు, రైలుకట్టలు, చర్చి గోపురాలు గుర్తుపట్టించేవారట. డెబ్బై ఒకటో ఏట ఆయన కూడా ఎక్కేవారట. ఇంటికొచ్చాక డబ్బా తీసి, ఎక్కడ తప్పిందో గీత చూపించేవారు. నేను ఆయన్ని అన్న మాటలు గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు కృతజ్ఞత కూడికలో మా అక్క బిర్యానీ వడ్డిస్తూ అందరి ముందూ అననే అంది. "మాస్టారండీ, మీ పుణ్యమా అని రెండు నెలలు వెనకబడింది మా పిల్ల."

"తప్పేనమ్మా" అన్నారు మాస్టారు, ముక్క కొరుకుతూ.

నేను నోరు తెరవబోయాను. నాకంటే ముందు మహిమ లేచింది. దారి తప్పిన సంగతి, భయం, ఆదివారాలు, ట్యాంకులు, అన్నీ మైకులో చెప్పేసింది. అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత మాస్టారి విస్తట్లో మూడు ముక్కలు ఒకేసారి వేసింది. ఆయన ఎటు చూడాలో తెలియక పెరుగుపచ్చడి వైపు చూస్తూ కూర్చున్నారు.

చేతులు కడుక్కునే చోట ఎదురింటి నాగజ్యోతి ఆయన్ని పట్టుకుంది.

"మాస్టారండీ, మా ఆయన నాకు స్కూటీ కొంటానని అందరికీ చెప్పేశాడు. నాకింకా బ్యాలెన్సే రాలేదు. కాస్త మీరు సెలెక్ట్ చేసి పెట్టరా?"

మాస్టారు చేతులు తుడుచుకుని, చుట్టూ ఎవరూ లేరని చూసుకున్నారు.

"ఒక్క బ్రేకులు చూడ్డానికే నెల పడుతుందమ్మా. ఆదివారం మధ్యాహ్నం రా."