నిన్న ఎవరు మూశారు

సిస్టర్ గారు పోయారన్న సంగతి నాకు బడిలో తెలిసింది. ఎనిమిదో తరగతి పిల్లల ల్యాబ్ పీరియడ్ అయిపోయాక కంప్యూటర్లు ఒక్కొక్కటే ఆపుకుంటూ వస్తున్నాను. పాలకొల్లు నుంచి వాళ్ళ మరదలు ఫోను. "వదిన తెల్లారుజామున వెళ్ళిపోయిందండి. డైరీలో మీ నంబరే మొదట రాసి పెట్టుకుంది. అందుకే మీకు చేశాను," అంది. నేను "అలాగేనండి" అన్నాను. చావు కబురు చెబితే ఎవరైనా అలాగేనండి అంటారా? ఫోను పెట్టేసి మిగిలిన కంప్యూటర్లు కూడా ఆపాను. గదికి తాళం వేశాను. తాళం వేశానో లేదోనని మళ్ళీ వెనక్కి వెళ్ళి చూశాను.

మస్కట్‌లో, రూవిలో, ఒకే బిల్డింగులో ఉండేవాళ్ళం. ఆవిడది మూడో అంతస్తు, మాది రెండోది. ఇక్కడి ఒక ఆసుపత్రిలో సర్జికల్ వార్డు నర్సుగా పద్దెనిమిదేళ్ళు చేశారు. కింద కొట్టు పెట్టుకున్న మలయాళీ దగ్గర్నుంచి పైన ఉండే ఒమానీ ముసలాయన దాకా అందరికీ ఆవిడ సిస్టరే. నాకూ అంతే. నన్ను మాత్రం ఆవిడ టీచరమ్మా అనేవారు. నేను బడిలో కంప్యూటర్లు చెబుతాను.

ఆవిడ గురించి రాయడానికి నాకేం అర్హత ఉందా అని వారం రోజులుగా ఆలోచిస్తున్నాను. బంధువును కాను. పైగా ఒక విషయంలో నా తప్పు ఉంది. ఎంత ఉందో ఇప్పటికీ తేలలేదు. బహుశా అందుకే రాస్తున్నానేమో.

ఆవిడ దగ్గర ఒక పాత ల్యాప్‌టాప్ ఉండేది. అడిగిన వాళ్ళందరి పెన్‌డ్రైవులూ అందులో పెట్టి పాటలు ఎక్కించి ఇచ్చేవారు. దాంతో దానికి లేని వైరస్ లేదు. ఆన్ చేసి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉండేది. నేను చూసి, ఇందులో విండోస్ తీసేసి లైనక్స్ వేస్తే హాయిగా నడుస్తుందండీ అన్నాను. "నడిపించు తల్లీ, నీకు పుణ్యం ఉంటుంది," అన్నారు. వేశాను. నెలన్నర బాగానే నడిచింది. నాక్కొంచెం గర్వం కూడా కలిగింది.

ఆ ల్యాప్‌టాప్ పొద్దున్నే తెరుచుకోవడం మీద ఒక మనిషి కాలు ఆధారపడి ఉంది. ఆ మనిషి మల్లేశం. జగిత్యాల వైపు వాడు, యాభై దాటాయి. దుక్మ్‌లో పోర్టు పనుల్లో ఉన్నాడు. షుగర్‌తో పాదం పుండు పడి ఇక్కడికొచ్చి సిస్టర్ గారి వార్డులో మూడు వారాలు ఉన్నాడు. మళ్ళీ దుక్మ్ క్యాంపుకి పోయాడు. మస్కట్ నుంచి అది బస్సులో ఏడెనిమిది గంటల ప్రయాణం. దగ్గర్లో డాక్టరుకి చూపించుకోరా అంటే, కంపెనీ అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపుతదని భయం. అందుకని ఆవిడే ఒక ఏర్పాటు చేశారు. రోజూ పొద్దున డ్యూటీకి పోయే ముందు పాదం ఫోటో తీసి ఈమెయిల్ చెయ్యాలి. క్యాంపులో నెట్ మెస్ హాల్లో ఒక్కచోటే వస్తుంది. ఆరున్నరకి సైట్ బస్సు. ఆలోగా ఆవిడ చూసి బూటు వెయ్యి, వెయ్యకు అని జవాబివ్వాలి. జవాబు రాకపోతే వాడు బూటు వేసేస్తాడు. వెయ్యనని సూపర్‌వైజరుతో చెప్పాలంటే వాడికి సిస్టర్ మాట ఉండాలి. సొంతంగా చెప్పే ధైర్యం లేదు.

ఫోన్‌లో చూసుకోవచ్చుగా అంటే ఆవిడ తన బటన్ల ఫోన్ తీసి చూపించారు. "ఇందులో గానీ నీ ఫోన్ చిన్న తెరలో గానీ పుండు రంగు ఏం తెలుస్తుంది? ఎరుపుకీ నలుపుకీ మధ్య ఎన్ని రంగులుంటాయో నీకు తెలియదు టీచరమ్మా. తెలియకపోవడమే మంచిదిలే."

ఆ తర్వాత కొన్ని పొద్దుటిపూటలు వైఫై రావడం మానేసింది. మిషన్ తెరుచుకుంటుంది, అన్నీ ఉంటాయి, నెట్ మాత్రం ఉండదు. పైన మూల గుర్తు ఖాళీగా ఉంటుంది. రోజూ కాదు. రెండు రోజులు వస్తుంది, మూడో రోజు రాదు. ఆవిడ కిందికి ఫోన్ చేసేవారు. "టీచరమ్మా, పేషెంటు మళ్ళీ కళ్ళు తెరవలేదు." నేను నైటీ మీద చున్నీ వేసుకుని పరిగెత్తేదాన్ని. నెట్‌లో ఎవరెవరో రాసినవి ఏరి ఐదు ఆదేశాలు ఒక కాగితం మీద రాసుకున్నాను. అవన్నీ వరసగా కొడితే వచ్చేది. ఈలోగా ఏడు దాటేది. బస్సు వెళ్ళిపోయేది.

డ్రైవర్ మార్చాను. రూటర్ మార్చాను. మొదలయ్యేటప్పుడు పది సెకన్లు ఆగి నెట్ వెతుక్కునేలా పెట్టాను. ఏం చేసినా రెండు రోజులు బాగుండేది. అయిపోయిందండీ, ఇక రాదు అని చెప్పేదాన్ని. ఒకరోజు ఆవిడ అడిగారు. "ఐదు మందులు ఒకేసారి ఇస్తున్నావు కదా, ఏ మందుకి తగ్గింది?"

"తెలియదండీ. తగ్గింది కదా."

"మా వార్డులో అట్లా అంటే నన్ను బయట నిలబెట్టేవాళ్ళు."

నవ్వుతూనే అన్నారు. నాకు కోపం వచ్చింది. కంప్యూటర్లు చదువుకున్నది నేను కదా అనుకున్నాను. అనుకోలేదని అబద్ధం చెప్పను.

తర్వాత ఒక ఆదివారం, సోమవారం వరసగా రెండు రోజులూ రాలేదు. ఇక్కడ ఆదివారం సెలవు కాదు, నాకు బడిలో పరీక్షల డ్యూటీ. తొందరగా వెళ్ళి, రాత్రి పొద్దుపోయాక వచ్చాను. ఆవిడే ఐదు ఆదేశాలూ చూసి కొట్టబోయి ఒక అక్షరం తప్పు కొట్టారు. సోమవారం నేను వెళ్ళేసరికి ఆరూ యాభై. నెట్ వచ్చాక రెండు ఫోటోలూ ఒకేసారి దిగాయి. ఆదివారం ఫోటోలో చిటికెన వేలి పక్కన ఊదా రంగు మచ్చ. సోమవారం ఫోటోలో వేలంతా నల్లగా. ఆవిడ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. తర్వాత కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ కూర్చోవడం నేను చాలా తక్కువసార్లు చూశాను.

ఆ రోజే సూపర్‌వైజరుకి ఫోన్ చేసి హిందీలో గట్టిగా మాట్లాడి వాడిని ఆసుపత్రికి పంపించారు. చిటికెన వేలు తీసేశారు. కాలు దక్కింది.

నేను ఆవిణ్ణి అడిగాను. ఆదివారం ఫోటో ఆదివారమే చూసి ఉంటే వేలు ఉండేదా అని. ఓదార్పు మాట చెబుతారనుకున్నాను. అంత బాధలో ఉన్న మనిషికి ఎవరైనా చెబుతారు.

"తెలియదు టీచరమ్మా. ఉండేదేమో. తెలుసని చెబితే అబద్ధం అవుతుంది. ఇటు చెప్పినా అబద్ధమే, అటు చెప్పినా అబద్ధమే."

అప్పుడు నాకు కఠినంగా అనిపించింది. ఆ తరువాత నన్ను నిలబెట్టింది ఆ మాటేనేమో అని ఇప్పుడు అనుకుంటున్నాను. ఖచ్చితంగా చెప్పలేను.

ఆ మర్నాడే ఆవిడ వార్డు ఫారం ఒకటి వెనక్కి తిప్పి స్కేలుతో గీతలు గీశారు. తేదీ, తెరిచిన టైము, ఎవరు తెరిచారు, నెట్ వచ్చిందా లేదా. చివర ఇంకో గడి. అందులో "నిన్న ఎవరు మూశారు" అని రాశారు.

"అదెందుకండీ? సమస్య తెరిచేటప్పుడు కదా," అన్నాను.

"పొద్దున డ్యూటీకి రాగానే మేం ముందు పేషెంటుని చూడం. రాత్రి డ్యూటీ వాళ్ళతో మంచం మంచం తిరిగి, ఏం ఇచ్చారు, ఏం ఆపారు అని అడిగి, వాళ్ళ సంతకం చూసి అప్పుడు చూస్తాం. ఎవరి చేతుల్లోంచి వచ్చిందో తెలియకుండా పేషెంటుని తీసుకోకూడదు."

ఆ ఫ్లాట్‌లో ఆవిడతో పాటు ఇంకో నర్సు ఉండేది, చీరాల అమ్మాయి. మేం చిన్న సిస్టర్ అంటాం. ఆ అమ్మాయి గడి చూసి, "ఓ, నా మీద నిఘానా అక్కా?" అంది. "నీ మీద కాదే, అందరి మీదా," అన్నారు ఈవిడ.

పదిహేడు రోజులు రాశారు. ఆ కాగితం నా ముందు పెట్టినప్పుడు నేను చదువుకున్నదాన్ని కాబట్టి నాకే ముందు కనపడాలి. ముందు చూసింది చిన్న సిస్టరే. "అక్కా, నేను మూసిన రోజు మర్నాడు ఎప్పుడూ బాగానే వస్తోంది. నువ్వు సాయంత్రం డ్యూటీకి పోయినప్పుడు కూడా వస్తోంది. నువ్వు మూసిన మర్నాడే రావట్లేదు."

ఆవిడ మొహంలో రంగు మారింది. "నేనేం చేస్తానే? అందరూ మూసినట్టే మూస్తాను."

"ఒకసారి మూయండి, చూస్తాను," అన్నాను నేను.

మూశారు. ముందు కీబోర్డు పైవరసలో చిన్న గాలిపటంలాంటి బొమ్మ ఉన్న మీట నొక్కారు. అది వైఫై ఆపే మీట. తర్వాత కంప్యూటర్ ఆపారు. ఎందుకు నొక్కారండీ అంటే, ఆవిడకి నొక్కినట్టే తెలియదు. వార్డులో ముందు గాలి గొట్టం కట్టేసి, ఆ తర్వాతే మిషన్ ఆపాలి. ఆక్సిజన్ అయినా, కఫం లాగే సక్షన్ అయినా. పద్దెనిమిదేళ్ళ చెయ్యి అది.

లైనక్స్ ఏం చేస్తుందంటే, మనం ఆపేటప్పుడు వైఫై ఏ స్థితిలో ఉందో రాసి పెట్టుకుంటుంది. మళ్ళీ లేచినప్పుడు అదే స్థితిలో పెడుతుంది. ఆపమన్నారు కాబట్టి ఆపి ఉంచింది. అందులో తప్పేమీ లేదు. అందుకే ఎక్కడ వెతికినా తప్పు అన్న మాట కనపడలేదు. నా ఐదు ఆదేశాల్లో ఒకటి ఆ అడ్డు తీసేది. మిగిలిన నాలుగూ వట్టివే.

ఇంకొకటి ఉంది, అది చెప్పకుండా దాటేయలేను. ఆ మీటకి చిన్న లైటు ఉంది. వైఫై ఆపితే నారింజ రంగులోకి మారుతుంది. మొదట్లో ఆవిడ అడిగారు, "ఇది పొద్దున్న నారింజగా ఉంటోందేంటి?" అని. లైనక్స్‌లో ఈ లైట్లు సరిగ్గా పనిచేయవండీ, పట్టించుకోకండి అని చెప్పాను నేను. లైటు నిజమే చెబుతోంది. దాన్ని నమ్మొద్దని చెప్పింది నేను.

ఆ మాట అప్పుడే ఆవిడకి చెప్పాను. చాలాసేపు ఆ మీట మీద వేలు పెట్టి ఉన్నారు. "నా చెయ్యి, నీ మాట," అన్నారు. "సరే, చెరి సగం. టీ పెట్టు."

మీటతో ఆపేసినా లేచేటప్పుడు మాత్రం ఎప్పుడూ ఆన్‌లోనే ఉండేలా ఒక చిన్న మార్పు చేశాను. అదొక్కటే. రెండోది ముట్టుకోలేదు. ఆవిడ ఇంకో నెలపాటు గడులు నింపి, అప్పుడు గానీ బాగైందని ఒప్పుకోలేదు.

మల్లేశానికి సంగతంతా ఆవిడే ఫోన్లో చెప్పారు. స్పీకర్ పెట్టి, నా ముందే. నేను ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టారు. వాడు అంతా విన్నాడు. తర్వాత అన్నాడు. "అక్కా, వేలు పోయింది, కాలుంది గద. నువ్వు లేకుంటె కాలు గూడ పోతుండె. ఇంగ ఊకో." మళ్ళీ అన్నాడు. "బూటు జర వదులైంది, గంతే."

"వదులు బూటు వేస్తే చంపుతాను నిన్ను," అన్నారు సిస్టర్ గారు. "ఒరుసుకుంటుంది. కొత్తది అడుగు."

ఆవిడకి ఎప్పట్నుంచో గుండె బాగోలేదట. పద్దెనిమిదేళ్ళు అందరి చార్టులూ రాసిన మనిషి తన సంగతి ఎవరితోనూ అనలేదు. సెలవు పెట్టి పాలకొల్లు వెళ్తూ ల్యాప్‌టాప్ నాకిచ్చారు. "ఫోటోలు వస్తే చూసి నాకు ఫోన్ చెయ్యి. రంగు చెప్పు చాలు, ఏమనుకుంటున్నావో చెప్పకు." రెండు నెలలు రోజూ పొద్దున్నే రంగులు చెప్పాను. లేత ఎరుపండీ. గోధుమ రంగండీ. అంచు తెల్లగా ఉందండీ. ఆవిడ ఊఁ అనేవారు. ఒక్కోసారి ఆ ఊఁ చాలా దూరం నుంచి వచ్చినట్టుండేది. బాగున్నారా అని అడగాలనిపించి అడగలేదు. అడిగితే నాకు నిజం చెప్పేవారా అన్నది వేరే సంగతి.

కబురు తెలిసిన సాయంత్రమే మల్లేశానికి ఫోన్ చేసి చెప్పాను. వాడు ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు అలవాటు కొద్దీ ఐదున్నరకి లేచాను. ల్యాప్‌టాప్ తెరవాలా వద్దా అని కాసేపు నిలబడ్డాను. తెరిచాను. నెట్ వచ్చింది. ఆరుకి ఐదు నిమిషాలుండగా ఫోటో దిగింది. దాని కింద రెండు లైన్లు. "అక్క లేదని ఎరుకే. పొద్దుగాల లేసేసరికి చెయ్యి దానంతటదే ఫోనుకాడికి పోయింది. కొత్త బూటు ఒరుసుకున్నట్టుంది. చూసేటోల్లు ఉంటె చెప్పుండ్రి, లేకుంటె ఏస్కొని పోత."

చూశాను. వేలు పోయిన చోట అంచున ఎరుపు. రూపాయి బిళ్ళంత. ఆ ఎరుపు పేరేమిటో నాకు తెలియదు. ఇన్నాళ్ళూ రంగు చెప్పడమే నా పని. ఆ రంగుకి అర్థం ఆవిడ చెప్పేవారు. ఇప్పుడు ఈ రంగు ఎవరికి చెప్పాలి?

ల్యాప్‌టాప్ తెరిచే పట్టుకుని మెట్లెక్కాను. చిన్న సిస్టర్ నైట్ డ్యూటీలోంచి ముందే సెలవడిగి అప్పుడే వచ్చి గడప దగ్గర బూట్లు విప్పుకుంటోంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నా చేతిలోది చూసి ఏం అడగలేదు. "బస్సు ఎన్నింటికి?" అంది.

"ఆరున్నరకి."

ల్యాప్‌టాప్ నా చేతుల్లోంచి తీసుకుంది. వరండా కిటికీ వైపు నడిచింది, ఒక కాలికి బూటు, ఒక కాలికి ఉత్త మేజోడు. వెలుగు పడేలా తెరని కొంచెం ఇటూ కొంచెం అటూ వంచుతూ, ఆ ఎరుపు మీద వేలు ఆనీ ఆనకుండా పెట్టి, వంగి చూస్తూ ఉండిపోయింది.