అత్త కోసం రెండో మైకు

లేదు, పాడ్‌కాస్టుకు యూఎస్‌బీ మైకు కొనలేదు. ఆడియో ఇంటర్‌ఫేసే కొన్నాను, రెండు మైకులు తగిలించుకునే డబ్బా. మా కింది వాటా అత్త పోయిన నెలలో చనిపోయింది. నిద్రలోనే పోయిందని వాళ్ల అబ్బాయి మెట్ల దగ్గర చెప్పాడు. ఇక నువ్వొక్కడివే కదా, యూఎస్‌బీ మైకు చాలు, లాప్‌టాప్‌కి పెట్టేసి మాట్లాడుకో అన్నాడు మా అన్న. వాడు చెప్పింది తప్పు కాదు. అయినా నేను వినలేదు.

ఆమె సొంత అత్త కాదు. యూసుఫ్‌గూడలో మాదీ వాళ్లదీ ఒకే బిల్డింగు. ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెప్పేది. హీరోయిన్లకు కాదు, గుంపులకు. సినిమాలో పెళ్లిలో గోల, చావింట్లో ఏడుపు, బజారులో బేరాలు వినపడతాయి కదా, వాటిలో ఒక గొంతు ఆమెది. అందరూ ఒకే మైకు చుట్టూ నిలబడతారట. ఎవరి మాటా విడిగా తెలియకూడదు. గొంతు పెద్దదైతే వెనక్కి జరగాలి. అత్తది ఎంత పెద్ద గొంతంటే, ఇంట్లోంచి పిలిస్తే వీధి చివర కూరగాయల బండి ఆగేది.

నాకు నలుగురిలో నోరు పెగలదు. బడి కూడా మధ్యలోనే మానేశాను. కానీ పాడ్‌కాస్టులు తెగ వింటాను. నేనూ ఒకటి చేస్తానని అత్తతోనే మొదట అన్నాను.

"ఎవ్వరితోని మాట్లాడ్తవ్ రా? నాతోని తప్ప నోరు తెరవవైతివి" అంది.

అయితే నీతోనే మాట్లాడతానన్నాను. అన్న స్నేహితుడి యూఎస్‌బీ మైకు అడిగి తెచ్చి, మధ్యలో పెట్టి కూర్చున్నాం. ఎంత బాగా మాట్లాడిందో! తర్వాత వింటే నా గొంతు బాగానే ఉంది, ఆమెది పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. మాట్లాడుతూనే కుర్చీ వెనక్కి జరుపుకుంటూ పోయింది. ముందుకు లాగి మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ గోడ దాకా వెళ్లింది.

"ఒక్క మైకుంటే నేను ఎన్కకే పోత బిడ్డా, అలవాటైంది. నా ముంగట ఒకటి ఏరే పెట్టు. గప్పుడు ఏడికి పోత?"

వెతికితే ఈ డబ్బా సంగతి తెలిసింది. ఏ మైకు సౌండు దానికే పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఎవరి గొంతు వాళ్లకే రికార్డవుతుంది. అత్త జరగక్కర్లేదు. ఇది చెప్పాక నాకంటే ఆమెకే తొందర. ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకుంది. మైకులో చీర కనపడదత్తా అంటే, "నాకు కనవడ్తది గదా" అంది.

కొనేలోపే పోయింది.

దినాల భోజనాలకు ఆమెతో డబ్బింగ్ చెప్పినవాళ్లంతా వచ్చారు. సినిమాల్లో అత్త ఎలా ఏడ్చేదో ఒకావిడ ఏడ్చి చూపించింది. అందరూ నవ్వారు. ఆ నవ్వుతోనే నిజంగా ఏడ్చారు. ఎన్ని గొంతులో! నేనిక ఆగలేకపోయాను. లేచి వెళ్లి, నా పాడ్‌కాస్టులో మాట్లాడతారా అని అడిగేశాను, నేనే! అందరూ వస్తామన్నారు. ఆ సాయంత్రమే డబ్బా, రెండు మైకులూ ఆర్డర్ పెట్టాను.

నిన్న ఆ ఏడ్చి చూపించినావిడే ముందు వచ్చింది. అత్త కూర్చున్న చోటే రెండో మైకు పెట్టాను. రికార్డింగ్ నొక్కగానే ఆవిడ నవ్వి, మెల్లగా కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"ఇది మీ ఒక్కరిదే" అన్నాను.

ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుంది.

మీ ఇంట్లో ఎప్పుడూ వెనక్కి జరిగే గొంతు ఎవరిది?