బంతి స్తంభానికి తగిలింది

ఈ పొద్దున అబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలు కాసేపు తిరగేసి, ఇరానీ హోటల్లో కూర్చుని ఫోన్‌లో మ్యాచ్ పెట్టాను. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్. మెల్‌బోర్న్‌లో ఒక క్లబ్బు ఉంది. కాలేజీ రోజుల నుంచీ నా ప్రాణమంతా దాని మీదే. వాళ్లకు నేనున్నట్టు కూడా తెలియదు, అయినా "మేం" అనే అంటాను.

ఆఖరి నిమిషంలో మావాడు తన్నిన బంతి గోల్ స్తంభానికి తగిలింది. అలా తగిలితే గోల్‌కి ఇచ్చే ఆరు పాయింట్లు రావు, ఒక్కటే వస్తుంది. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం. బల్ల మీద తల వాల్చేశాను.

ఎదురుగా చాయ్ తాగుతున్న పెద్దాయన, "ఏమైంది బిడ్డా, ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరా?" అని అడిగాడు.

సంగతి చెప్పాను.

"ఆస్ట్రేలియాల మనోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"ఎవరూ లేరు అంకుల్."

"మరి గీడ నువ్వెందుకు గింత బాధపడుతున్నవ్?"

స్కోరు మారుతుందేమో అన్నట్టు ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాను. ఆయన తన బిస్కెట్ల ప్లేటు నా వైపు జరిపాడు.

ఈ ఊళ్లో ఈ ఆట చూసే పిచ్చివాళ్లు ఇంకెవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి. వచ్చే ఆదివారం కూడా అదే బల్ల దగ్గర ఉంటాను. ఆట తెలియకపోయినా రండి.