అమ్మ పెళ్ళిచీర, నాయన రాణి వేషం

మొన్న బొమ్మనహళ్ళిలో మా మనవరాలు ఫోన్‌లో ఒక పాత సినిమా పెట్టింది. మా ఊళ్ళో నాటకంగా ఆడిన కథే అది. "తాతా, మీ నాటకం బాగుండేదా, ఇదా?" అని అడిగింది.

సినిమాలో రాణి పాటకో చీర కట్టింది. మా రాణికి ఒకటే చీర. అది మా అమ్మ పెళ్ళిచీర. రాణి వేషం మా నాయనది.

నాటకం ఉన్న రోజు అమ్మే చీర మడిచి ఇచ్చేది. ముఖానికి పూసుకునే అర్దళం పసుపు చీర అంచుకు అంటుకొని వచ్చేది. "నువ్వూ రామ్మా" అని నేనంటే, "నలుగురిలోకి ఏం కట్టుకొని వచ్చేదప్పా?" అనేది. ఆమెకు మంచి చీర అదొక్కటే. ఇంట్లోనే కూర్చొని హార్మోనియం వినేది. నా ఈడువాళ్ళకు తెలిసే ఉంటుంది, అప్పట్లో అది ఊరంతా వినిపించేది.

నాటకాలు ఆగిపోయినాక ఈ సినిమా మా ఊరి టెంటు హాలుకు వచ్చింది. పసుపు మరక లోపలికి మడిచి ఆ చీరే కట్టుకొని అమ్మ నాతో వచ్చింది. రాణి అడవిలో ఏడ్చేచోట ఆడవాళ్ళందరూ ఏడ్చినారు. అమ్మ ఏడ్వలేదు.

"మీ నాయన ఇంతకంటే బాగా ఏడ్చేవాడంట. నువ్వు చూసినావు గదప్పా?"

"ఊఁ, బాగా ఏడ్చేవాడు" అన్నాను.

అమ్మ ఇప్పుడు లేదు. మనవరాలికి కూడా నాటకమే బాగుండేదని చెప్పినాను. నాటకంలో రాణి అడవికి పోయేసరికి నేను ప్రతిసారీ చాప మీద నిద్రపోయేవాణ్ణి.