బంకు వెనక వీధిలో బోరక్క

ఆఫీసులో అందరూ ఆమెను బోరక్క అనేవారు. ఊరూరా తిరిగి బోర్లు వేయిస్తుంది గనక ఆ పేరు వచ్చిందని ఎదురుగా అనేవారు. కాసేపు కూర్చుంటే మట్టి గురించి తప్ప మరో మాట మాట్లాడదు గనక వచ్చిందని చాటున నవ్వుకునేవారు. రెండోది కూడా ఆమె చెవిన పడింది. కాదనడానికి ఆమెకేమీ దొరకలేదు.

పెట్రోల్ బంకుల కింద పాతిన ట్యాంకులు తుప్పుపట్టి కారితే, ఆ పెట్రోలు మట్టిలో ఎంత దూరం పాకింది, భూగర్భజలంలో కలిసిందా లేదా అన్నది తేల్చడం ఆమె ఉద్యోగం. ఆమె గేటు తట్టిందంటే చెడ్డ కబురు వచ్చినట్టే. అందుకే ఏ ఊళ్ళోనూ ఆమెను లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు. పెళ్ళి ఎప్పుడో చెడింది. లాడ్జి గదిలో టీవీ పెట్టుకునేది, చూడ్డానికి కాదు, గదిలో ఎవరిదో ఒకరి గొంతు ఉండాలని.

ఆ ఏడు మూతపడిన ఒక బంకు పని ఆమెకు అప్పగించారు. నేల వాలు బంకు వెనక వీధివైపు ఉంది. నీళ్ళు అటే పారతాయి గనక అక్కడి పెరళ్ళలో బోర్లు వేసి చూడాలి. వీధివాళ్ళు ఒక్కటే మాట అన్నారు.

"మా నీళ్ళకేం? శుభ్రంగా ఉన్నాయి. మీరు తవ్వితే రేపు మా ఇంట్లో అద్దెకెవరు దిగుతారు?"

చివరి ఇంటావిడ మాత్రం గేటు బార్లా తీసింది. బట్టలకు కాజాలు, బొత్తాలు కుట్టి బతికే ముసలావిడ. ఒంటరి మనిషి. డ్రిల్లింగు మిషను పెరడంతా రొచ్చు చేస్తున్నా విసుక్కోలేదు. కుర్చీ తెచ్చి నీడలో వేసింది.

బోరక్క పైకొచ్చిన మట్టిని సంచిలో వేసి మూతి బిగించింది. కాసేపాగి సంచిలోకి పెట్రోలు ఆవిరిని కొలిచే మీటరు గొట్టం గుచ్చింది. అంకె పరుగున పైకెక్కింది. ఇంట్లో వాడుకునే నూతి నీళ్ళు గాజు సీసాలకు పడుతూ అడిగింది.

"ఈ నీళ్ళు వాసనొస్తాయా, పిన్నిగారూ?"

ఆవిడ కొత్తపెళ్ళికూతురిలా సిగ్గుపడింది. "వస్తాయమ్మా. వేడినీళ్ళయితే మరీను. మావారు మెకానిక్కు. ఎంత సబ్బు రుద్దినా ఆయన ఒంటిమీద పెట్రోలు వాసన పోయేది కాదు. ఆయన పోయిన మరుసటేడు నుంచి స్నానాలగదిలో అదే వాసన. ఎవరికీ చెప్పలేదులే, పిచ్చిదంటారు. ఆయన ఇల్లు వదల్లేదనుకుంటున్నాను."

బోరక్క చేతిలో సీసా నిండి పొర్లిపోయింది.

ల్యాబు నుంచి ఫలితం వచ్చింది. ఆ నీళ్ళు తాగకూడదు, స్నానానికీ పనికిరావు. నోటీసు అంటించి వెళ్ళిపోవచ్చు. కానీ ఆమె పిన్ని గేటు తీసుకుని లోపలికి నడిచింది. వెళ్ళి కుర్చీ అంచున కూర్చుని నీళ్ళు నమిలింది.

"చల్లకొచ్చి ముంత దాస్తావెందుకు? చెప్పు," అంది పిన్ని.

చెప్పింది. ట్యాంకు చిల్లు సంగతి, పెట్రోలు మట్టి కింద ఇంత దూరం వచ్చిన సంగతి, అన్నీ చెప్పింది. పిన్ని సూదిలోకి దారం ఎక్కించబోయి ఆగిపోయింది.

"అంటే, ఆయన కాదన్నమాట."

"కాదు, పిన్నిగారూ."

"అది చెప్పడానికేనా ఇంత దూరం వచ్చావు? వెళ్ళు."

గేటు మూసుకుంది. వాన్‌లో కూర్చున్నాక బోరక్కకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళలో తిట్లు తిన్నది గానీ ఇలా ఎవరి మనిషినీ ఇంట్లోంచి వెళ్ళగొట్టలేదు.

ట్యాంకులు తవ్వి తీసేశారు. పాడైన మట్టిని లారీల్లో ఎత్తుకెళ్ళారు. నూతికి మూతవేసి, వీధికంతా కుళాయి గొట్టం వేశారు. పరీక్ష బోరు మాత్రం పెరట్లోనే ఉంది. మూడు నెలలకోసారి వచ్చి నీళ్ళు తీసుకోవాలి. మొదటిసారి పిన్ని గేటు తాళం తీసి లోపలికెళ్ళిపోయింది. ఆ తరవాతిసారి కుర్చీ వేసింది. మరోసారి, బోరక్క చొక్కాకి ఊడిన బొత్తాం చూసి, "ఆగు, కదలకు," అని ఒంటిమీదుండగానే కుట్టేసింది.

"కుళాయి నీళ్ళకి ఏ వాసనా లేదు. స్నానానికెళ్తే బిక్కుబిక్కుమంటోంది," అంది దారం కొరుకుతూ. బోరక్క లాడ్జి గదులూ అలాంటివే.

రెండేళ్ళకు నీళ్ళు శుభ్రపడ్డాయి. బోరు పూడ్చి సిమెంటు పోయిస్తుంటే పిన్ని గుమ్మంలో నిలబడి చూసింది.

"ఇక రావా?"

"నీళ్ళు బాగుపడ్డాయి కదా, పిన్నిగారూ. పంపించరు."

"బాగుపడితే మనుషులు రారన్నమాట," అని లోపలికెళ్ళింది. కోపమో దిగులో తెలియలేదు.

కొన్నాళ్ళకు మరో ఊళ్ళో, మరో లాడ్జిలో ఉండగా ఫోను మోగింది.

"నేనే. ఏం లేదులే. తిన్నావా?"

టీవీలో ఎవరో గట్టిగా నవ్వుతున్నారు. బోరక్క దాన్ని కట్టేసింది.

"ఇంకా లేదు పిన్నీ," అంది.