ఫీజు కంపెనీ కడుతుందట

సూర్యం సైన్యంలో హవల్దారుగా చేసి 2004లో సొంత ప్రాంతం ఉద్దానం వచ్చేశాడు. కొబ్బరితోట చూసుకుంటూనే సముద్రపొడ్డున ఆర్మీ కోచింగ్ మొదలుపెట్టాడు. మెత్తటి ఇసకలో పరుగెత్తినవాడికి సెలక్షన్ గ్రౌండులో కాళ్లు గాల్లో తేలిపోతాయని అతని నమ్మకం. కంచిలి వైపు నుంచి జీడితోటల రైతుల పిల్లలు, ఒడ్డున ఉన్న పల్లెల నుంచి వేటకెళ్లేవాళ్ల పిల్లలు వచ్చేవారు. ఫీజు ఇంట్లోవాళ్లే కట్టేవారు. జీడిపిక్కలు అమ్ముడయ్యాక కొందరు, వలలో చేప పడ్డాక కొందరు.

కట్టినవాళ్లు ఊరుకుంటారా? చేపలమ్మే పైడమ్మ పలాస బజారుకు పోతూ తట్ట దించి మరీ కొడుకు కామేశ్ పరుగు చూసేది.

"ఏటి మాస్టారూ, మావోడు లగెత్తుతున్నాడా, నడుత్తున్నాడా? నా డబ్బులు ఇసకలో పోసీసినట్టే ఉంది."

"నీ కొడుకు బాగానే లగెత్తుతున్నాడప్పా. నువ్వు తిండి పెడితే ఇంకా లగెత్తుతాడు."

"తిండి నాను పెడితే మరి నీ గొప్పేటి?"

పరుగులో ఉన్నవాళ్లకు కూడా నవ్వొచ్చేది.

2008లో జీడిపూత మాడిపోయింది. పిల్లలు సగానికి సగం మానేశారు. ఇక మూసేద్దామనుకుంటుండగా మనోహర్ అనే ఆయన జీపులో దిగాడు. బీలలో కరెంటు ఫ్యాక్టరీ కట్టాలని చూస్తున్న కంపెనీ మనిషి. బీల అంటే నీళ్లు నిలిచే పల్లపు నేల. చుట్టుపక్కల ఊళ్లకు చేపలు, వరి, పశువుల మేత అన్నీ అక్కడివే.

"అందరి ఫీజూ మేమే కడతాం సార్. బూట్లు, గుడ్లు, అరటిపళ్లు కూడా. మీకు నెలజీతం."

"మీకేటి లాభం?"

"సోషల్ సర్వీస్ సార్."

బీల లాక్కోవాలని చూసేవాడు గుడ్లు పెడతానంటే అనుమానించాల్సింది అక్కడే. సూర్యం అనుమానించాడు కూడా. అయినా సరేనన్నాడు. అది తప్పే.

వారం తిరక్కుండా షరతులు మొదలయ్యాయి. కంచిలి పిల్లలు వద్దట, బీల పక్క ఊళ్లవాళ్లే కావాలట. పరుగు తగ్గించాలట. వ్యానులోంచి లాఠీలు దిగాయి.

"భుజం భుజం ఆనించి నిలబడ్డం, జనాన్ని వెనక్కి నెట్టడం నేర్పండి సార్. రేపు సెక్యూరిటీ గార్డు ఉద్యోగాలు మేమే ఇస్తాం."

"ఏ జనాన్ని?"

"జనరల్‌గా సార్."

మర్నాడు కుర్రాళ్లు లాఠీలు అడ్డంపట్టి వరసలో నిలబడ్డారు. మనోహర్ చూస్తున్నాడు. పైడమ్మ ఎప్పటిలాగే తట్ట దించి తిన్నగా కొడుకు దగ్గరకు నడిచింది.

"ఆమెను ఆపు కామేశ్! ఇది కూడా ప్రాక్టీసే" అన్నాడు మనోహర్ నవ్వుతూ.

కామేశ్ లాఠీ తల్లికి అడ్డం వచ్చింది.

"ఏట్రా గుంటడా, నన్నే ఆపుతావేటి? ఇదేటి కోచింగు మాస్టారూ? ఎవులి మీదకి తోల్తన్నారు మా పిల్లల్ని?"

కామేశ్ లాఠీ దించలేదు. ఆర్డరు కోసం సూర్యం వైపు చూశాడు. సొంత ఊళ్ల కుర్రాళ్లే ఎందుకు కావాలన్నారో సూర్యానికి అప్పుడు పూర్తిగా తెలిసింది. రేపు బీల గట్టు మీద అడ్డంపడే తల్లుల ముందు వీళ్లనే నిలబెడతారు. అప్పుడు ఆర్డరిచ్చేది మాత్రం తను కాదు, కంపెనీ.

"లాఠీలు కింద పడెయ్యండ్రా" అన్నాడు.

"సార్, మీ జీతం ఆగిపోతుంది."

"ఆగనీ. మీ బూట్లూ లాఠీలూ వ్యానులో ఎక్కించుకుని పొండి. ఇక్కడ ఫీజు ఇంటోళ్లే కడతారు. కట్టలేకపోతే కోచింగే ఉండదు."

కొందరు బూట్లు విప్పలేదు, వ్యాను వెంటే పోయారు. ఉద్దానంలో ఇంటింటా ఉన్న కిడ్నీజబ్బుతో ఇంటిమనిషి మంచంలో ఉంటే నెలజీతం ఆశకు పోరా? వాళ్లను తిట్టడం తేలిక. ఇన్నేళ్లూ ఆ ఊళ్లకు మందూ పనీ చూపించని సర్కారును నిలదీయడానికే నోరు రాదు మనకి.

మిగిలినవాళ్లు మర్నాడు ఉత్తికాళ్లతో వచ్చారు. పైడమ్మా వచ్చింది. ఫీజు డబ్బు సూర్యం చేతిలో పెట్టింది గానీ నోట్లు పట్టుకున్న వేళ్లు వదల్లేదు.

"మళ్లీ ఆ కంపినీవోడు పిలిత్తే నువ్వు ఎల్లవని నమ్మకమేటి?"

"వెళ్లనప్పా."

"మొన్న మాకు సెప్పే సేసినావా?"

సూర్యం కుర్రాళ్లను పరుగుకు పంపాడు. రోడ్డు మీంచి బజారుకు పోయే ఆటోవాడు చేప పాడైపోతుందని అరిచాడు. పైడమ్మ నోట్లు వదిలింది, ఆటో వైపు మాత్రం కదల్లేదు. తట్ట పక్కనే ఇసకలో చతికిలబడింది. కామేశ్ రెండుసార్లు తన ముందునుంచే పరుగెత్తుకుపోయినా ఆమె అటు తలతిప్పలేదు. ఆ పూటంతా ఆమె కళ్లు మాస్టారు మీదే ఉన్నాయి.